జవాబు తెలిసిన ప్రశ్నలు

ఆ బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దవాళ్ళు లైబ్రరీ టీచర్ అంటారు, పిల్లలు ‘ఉష్ టీచర్’ అంటారు. రోజు మొత్తంలో ఆమె నోట ఎక్కువసార్లు వచ్చే మాట అదే మరి. ఆ మాటతో వచ్చిన చిక్కేమిటంటే దానికి ఎవరూ బదులు చెప్పరు. ఉష్ అంటే ఊరుకుంటారు, అక్కడితో సరి. సాయంత్రం తాళం వేసి ఇంటికి పోతే అక్కడ ఉష్ అనాల్సిన పని కూడా లేదు.

ఇల్లంటే మేడమీద రెండు గదులు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ రెండూ చాలేవి కావు. అమ్మ పోయాక ఒకటి ఎక్కువైంది. చెల్లెలు వేరే ఊళ్ళో ఉంటుంది, అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. “తిన్నావా అక్కా?” “తిన్నానే.” “సరే, జాగ్రత్త.” ఇంతకంటే పొడుగు మాటలు అక్కాచెల్లెళ్ళ మధ్య ఎప్పుడో అరిగిపోయాయి. పెళ్ళి మాటంటారా, అడిగేవాళ్ళున్న రోజుల్లో అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు. అమ్మ పోయేనాటికి అడిగేవాళ్ళు లేరు.

ఈ సంగతులేవీ బడిలో తెలియవు. తెలియనిచ్చేది కాదు. సోమవారం పొద్దున్న ఎవరైనా మాటవరసకి “ఏంటండీ, ఆదివారం ఎలా గడిచింది?” అంటే చాలు, “అబ్బ, చుట్టాలండీ. ఊపిరి సలపనిస్తేగా!” అనేసేది. మొదటిసారి ఎందుకలా అన్నదో ఆమెకే గుర్తులేదు. కానీ ఆ చుట్టాలు మంచి మర్యాద తెలిసినవాళ్ళు, పిలవకుండానే ప్రతి ఆదివారం వచ్చేవాళ్ళు. పెద్దమేడం, అంటే హెడ్మిస్ట్రెస్, ఒకసారి “ఆ ఇంటి సందడిని మీరు ఎలా తట్టుకుంటారో గానీ, మీ ఓపికకి దణ్ణం పెట్టాలి” అని నలుగురిలో మెచ్చుకుంది కూడా. ఆ మెచ్చుకోలు పుచ్చుకున్నాక ఇక వెనక్కి తగ్గడానికి వీల్లేకపోయింది. ఒంటరిగా ఉండటం కష్టమే గానీ అలవాటైన కష్టం. అది బయటపడి, నలుగురూ తలలు పక్కకి వాల్చి “అయ్యో” అనడం మాత్రం తలుచుకుంటేనే ఆమెకి పడదు. ఆ ఒక్కటీ జరక్కుండా ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

అలాంటి మనిషి నెత్తిన పెద్దమేడం ఓ పని పెట్టింది.

“మూడో తరగతి పిల్లలతో ఒక రచయిత్రి వీడియోలో మాట్లాడతానన్నారు. అదేనండీ, బడికి రానని మొండికేసిన బస్సు కథ రాసినావిడ. పిల్లల్ని మీరే తయారుచేయాలి. పోయినసారి పళ్ళ డాక్టరుతో మాట్లాడించినప్పుడు మనవాళ్ళు చేసిన ఘనకార్యం గుర్తుందిగా?”

గుర్తులేకేం. ఆ డాక్టరు తెరమీద కనపడగానే క్లాసు క్లాసంతా కెమెరా మీదికి ఎగబడి నోళ్ళు తెరిచింది. ఒకడైతే ఊడిన పన్ను జేబులోంచి తీసి చూపించాడు. పాపం ఆయన ఒక్క ముక్క మాట్లాడకుండానే టైం అయిపోయింది.

“ఈసారన్నా పరువు దక్కించండి” అంది పెద్దమేడం వెళ్తూ.

లైబ్రరీ టీచరు ముందు పుస్తకం చదివి వినిపించింది. పిల్లలు బస్సు పక్షమే వహించారు. బడికి రానన్నందుకు దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. తర్వాత, ఆవిడని ఏమేం అడుగుతారో చెప్పండర్రా అంది.

“మీ పేరేంటి అని అడుగుతా” అన్నాడొకడు.

“మీరేం చేస్తుంటారు అని అడుగుతా.”

“బస్సు ఏం రంగు అని.”

ఆమె పుస్తకం మూసి అట్ట చూపించింది. “పేరు ఇక్కడుంది. ఏం చేస్తారో వెనకవైపు ఉంది. బస్సు మీ కళ్ళముందే ఎర్రగా ఉంది. ఇక అడగడం ఎందుకు? జవాబు తెలిసిన ప్రశ్న అడిగితే ఎదుటి మనిషి టైం తినేసినట్టు. మీకు నిజంగా తెలియనిదే అడగాలి. ఎవరూ ఈ మాట మర్చిపోకండి.”

ఎవరూ మర్చిపోలేదు. అదే తర్వాత కొంప ముంచింది.

కెమెరా ముందు ఎలా కూర్చోవాలో, ఒకరి తర్వాత ఒకరు మైకులో ఎలా మాట్లాడాలో అలవాటు చేయాలంటే రిహార్సల్ ఉండాలి కదా. కంప్యూటర్ సారు క్లాసులో తెర బిగించాడు. పక్కన లైబ్రరీ గదిలో ఇంకో ల్యాప్‌టాప్ పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె దాని ముందు కూర్చుని, వేషం కోసం శాలువా కప్పుకుని, “ఇదిగో, ఇప్పుడు నేను రచయిత్రిని. ఆవిడ బదులు నేను జవాబు చెప్తాను, అడగండి” అంది. మూడో తరగతి టీచరుకి ఇది కలిసొచ్చింది. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, నోటు పుస్తకాలు దిద్దుకోవడానికి స్టాఫ్‌రూముకి పోయేది. కాబట్టి ఆ గదుల్లో ఏం మాటలు నడిచాయో పెద్దవాళ్ళెవరికీ తెలియదు.

మొదట లేచింది బుల్లి లాయరు. ఆ పిల్ల పెన్సిలు పోయినా వాయిదా వేయకుండా వాదిస్తుంది, అందుకని ఆ పేరు. తెరకి ఎదురుగా నిలబడి, “మీరు అన్నం ఎవరితో తింటారండీ?” అంది.

రచయిత్రి ఎవరితో తింటుందో లైబ్రరీ టీచరుకేం తెలుసు? పుస్తకం అట్టమీద అది రాయలేదు. ఏదో ఒకటి చెప్పాలి. కల్పించడానికి నోరు తెరిచింది. నోట్లోంచి నిజం వచ్చింది.

“రేడియోతో” అంది.

పిల్లలు నవ్వలేదు. “అది తినదు కదా” అన్నారెవరో.

“తినదు. మాట్లాడుతుంది. అందుకే పెట్టుకుంటాను.”

“మరి మీరు మాట్లాడితే?”

“అది వినదు. అంచేత నేను తింటాను.”

సరే, న్యాయంగానే ఉంది అన్నట్టు బుల్లి లాయరు తలూపి కూర్చుంది. ఇంకో పిల్లాడు లేచి మీకు కుక్కపిల్ల ఉందా అన్నాడు. లేదు, ట్యూబులైటు వెనక ఒక బల్లి ఉంది, దాన్ని అద్దెదారు అని పిలుస్తాను, ఇన్నాళ్ళయినా ఒక్క పైసా ఇవ్వలేదు అంది. మీకు కథలు ఎక్కడ దొరుకుతాయి అన్నారు. పక్కింటి గోడలోంచి అంది. అవతల మొగుడూ పెళ్ళాం టీవీ రిమోటు కోసం పోట్లాడుకుంటారు, నాకు మాటలు వినపడవు గానీ ఎవరు గెలిచారో టీవీలో వచ్చే పాటని బట్టి తెలిసిపోతుంది అంది. భయమేస్తే ఎవర్ని పిలుస్తారు అన్నారు. ఎవర్నీ పిలవను, లైటు వేసుకుంటాను అంది.

ఆ రోజు ఇంటికి నడుస్తుంటే ఆమెకి ఒళ్ళు తేలిగ్గా ఉంది. అమ్మ పోయాక తనని ఎవరైనా ఇన్ని అడిగారా? తనకి ఏమిష్టం, ఏం భయం, పొద్దున్నే లేవగానే ముందు దేన్ని చూస్తావు అని? శాలువా ఆవిడది, పేరు ఆవిడది, మాటలు మాత్రం తనవి. ఆ చాటున తన బతుకు మొత్తం చెప్పుకోవచ్చు, ఒక్కరు కూడా అయ్యో అనరు. ఇంతకంటే సుఖం ఏం కావాలి?

అంచేత రెండు మూడు సార్లతో అయిపోవాల్సిన రిహార్సల్ రోజూ నడిచింది. “ఇంకా కుదర్లేదండీ” అనేది పెద్దమేడంతో. కుదరకేం, శుభ్రంగా కుదిరింది. పిల్లలు మైకు పట్టుకోవడంలో ఆరితేరారు. మెడలు నిటారుగా పెట్టి కూర్చుంటున్నారు. ఇంటి దగ్గర ఆమె, రేపు పిల్లలు ఏమడుగుతారో అనుకుంటూ గిన్నెలు తోముకునేది. శుక్రవారం దగ్గరపడుతుంటే మాత్రం గుండెలో గుబులు మొదలైంది. శుక్రవారం అసలావిడ వస్తుంది, శాలువా బీరువాలోకి పోతుంది, తను మళ్ళీ ఉష్ టీచరు. పిల్లల ప్రశ్నలన్నీ వాటి అసలు యజమానికి పోతాయి. పోవాలి కూడా. అందుకోసమేగా ఇదంతా.

అందరూ అడిగారు గానీ ఒక్క పిల్ల మాత్రం ఏమీ అడగలేదు. దాన్ని క్లాసంతా మూగనోము అంటారు. మైకు చేతికిస్తే రెండు చేతులా పట్టుకుని, తెరకేసి కళ్ళార్పకుండా చూసి, పక్కపిల్లకి ఇచ్చేసేది. “నీకేమీ తెలుసుకోవాలని లేదా అమ్మా?” అంటే, ఉందన్నట్టు తలూపేది. అంతవరకే.

శుక్రవారం వచ్చింది. పిల్లలు తలలు దువ్వుకుని బొమ్మల్లా కూర్చున్నారు. వెనక కుర్చీలో పెద్దమేడం, పక్కన మూడో తరగతి టీచరు, గుమ్మం దగ్గర కంప్యూటర్ సారు. లైబ్రరీ టీచరు మైకు పట్టుకుని గోడవారగా నిలబడింది. తెర వెలిగింది.

రచయిత్రి నిండుగా నవ్వే మనిషి. ఆవిడ వెనక ఇల్లు ఇల్లంతా కదులుతోంది. ఎవరో అటు నుంచి ఇటు పోతున్నారు, కుక్కర్ కూత పెడుతోంది, “స్టవ్ కట్టేయండర్రా, పిల్లలతో మాట్లాడుతున్నా!” అని ఆవిడ వెనక్కి తిరిగి కేకేసింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆవిడ బస్సు కథలోంచి ఓ పేజీ, బస్సు గొంతుతో సహా, చదివింది. తర్వాత పుస్తకం పక్కన పెట్టి, “ఊఁ, ఇక మీ వంతు. అడగండి, ఏదైనా సరే” అంది.

ఉలుకూ లేదు పలుకూ లేదు.

“సిగ్గుపడుతున్నారా?” అంది ఆవిడ.

ఒక్క చెయ్యీ లేవలేదు. పెద్దమేడం దగ్గింది. మూడో తరగతి టీచరు ముందు వరసవాళ్ళకి కళ్ళతోనే వాతలు పెట్టింది. ఇన్నాళ్ళు తర్ఫీదిచ్చింది ఇందుకా అన్నట్టు అందరూ లైబ్రరీ టీచరుకేసి చూశారు. నిన్నటిదాకా గుక్క తిప్పుకోకుండా అడిగిన పిల్లలకి ఏమొచ్చింది?

చివరికి బుల్లి లాయరు లేచింది. లైబ్రరీ టీచరు దగ్గర మైకు అందుకుంది. “సిగ్గు కాదండీ. మాకు జవాబులన్నీ తెలుసు. తెలిసినవి అడిగితే మీ టైం తినేసినట్టు.”

“అబ్బో! నా గురించి అంత తెలుసా? ఏదీ, చెప్పు చూద్దాం” అంది ఆవిడ సరదాపడుతూ.

బుల్లి లాయరు మైకు నోటి దగ్గరికి జరుపుకుంది. “మీరు ఒక్కరే ఉంటారు. రేడియోతో అన్నం తింటారు. మీ ఇంట్లో బల్లి ఉంది, అద్దె ఇవ్వదు. రాత్రి భయమేస్తే ఎవర్నీ పిలవరు. పుట్టినరోజుకి మీకు మీరే కొత్త దిండుగలీబు కొనుక్కుంటారు.” కాస్త ఆగి, తెరలో వెనకగా పోతున్న జనాన్ని చూసి, “ఇవాళ మీ ఇంటికి ఎవరో వచ్చినట్టున్నారు” అంది.

“నేనా?” అని ఆవిడ పగలబడి నవ్వింది. “ఒక్కర్తినా? తల్లీ, నేను రాసుకోవాలంటే స్నానాలగదిలో తలుపేసుకోవాలి! నీకెవరు చెప్పారివన్నీ?”

ఆవిడ నవ్వింది గానీ పెద్దమేడం నవ్వలేదు. విసురుగా లేచింది. “ఏంటా పిచ్చి మాటలు? అంత పెద్దావిడ గురించి నోటికొచ్చినట్టు కల్పించి చెప్తావా? అబద్ధాలు ఎక్కడ నేర్చుకున్నావ్? ముందు క్షమించమని అడుగు!”

బుల్లి లాయరు మొహంలో రంగు పోయింది. అబద్ధమా? టీచరు చెప్పింది అబద్ధం ఎలా అవుతుంది? ఆవిడ బదులు చెప్తానని చెప్పే కదా చెప్పింది. ఆ పిల్ల లైబ్రరీ టీచరుకేసి చూసింది. దానితోపాటు క్లాసంతా చూసింది.

అప్పుడర్థమైంది ఆమెకి. ఒక్కొక్కరూ తమ దగ్గరున్న ప్రశ్నలన్నీ తనకే ఖర్చుపెట్టేశారు. పుచ్చుకున్న జవాబుల్ని ఆవిడవే అనుకుని భద్రంగా దాచుకున్నారు.

తప్పించుకునే దారి లేకపోలేదు. “రిహార్సల్ కదండీ, ఊరికే నేనే కల్పించాను” అంటే చాలు. పిల్ల బయటపడుతుంది, తనూ బయటపడుతుంది, అందరూ నవ్వేసి ముందుకు పోతారు. ఆదివారం చుట్టాలు ఎప్పటిలాగే వస్తారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల కళ్ళు. కల్పించాను అంటే, ఇన్నాళ్ళూ కళ్ళింతలు చేసుకుని విన్నదంతా ఉత్తదే అవుతుంది. అద్దెదారు లేదు, గోడ అవతలి పాట లేదు, ఏదీ లేదు. ఈ లోకంలో తన బతుకు తెలిసినవాళ్ళు వీళ్ళొక్కరే. వాళ్ళకి కూడా లేదని చెప్తే ఇక తనెక్కడున్నట్టు?

“అది అబద్ధం చెప్పలేదు మేడం” అంది. “ఆవిడ బదులు రోజూ నేనే జవాబులు చెప్పాను. అవి ఆవిడవి కావు, నావి.”

“మీవంటే?” అంది పెద్దమేడం అర్థంకాక. “మీ ఇంటినిండా చుట్టాలే కదా?”

“ఎవరూ రారండీ. ఎప్పుడూ రాలేదు.”

మూడో తరగతి టీచరు తల, అనుకున్నట్టే, ఒక పక్కకి వాలింది. లైబ్రరీ టీచరుకి చెవులు వేడెక్కాయి. భూమి చీలితే బాగుండుననుకుంది గానీ, అది బళ్ళో గచ్చు నేల, అంత సులువుగా చీలదు.

పిల్లలకి ఇవేం పట్టలేదు. బుల్లి లాయరు అసలు పాయింటు పట్టేసింది. “అంటే ఆవిడ జవాబులు మనకి తెలీదన్నమాట! మళ్ళీ అడగొచ్చా టీచర్?”

“అడగండమ్మా” అంది.

ఇక చూడాలి. గది నిండా చేతులు లేచాయి. మీరు అన్నం ఎవరితో తింటారు? ఎవరితో తింటున్నానో లెక్కే ఉండదు నాన్నా, చివరికి నాకే మిగలదు. మీకు కుక్కపిల్ల ఉందా? ఉంది, నా చెప్పులన్నీ అదే తింది. భయమేస్తే ఎవర్ని పిలుస్తారు? పిలవక్కర్లేదు, నేను కెవ్వుమంటే వీధి మొత్తం వస్తుంది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. పెద్దమేడం మళ్ళీ కూర్చుంది. పరువు దక్కింది. లైబ్రరీ టీచరు మైకు అందిస్తూ వరసల మధ్య తిరుగుతోంది. ప్రతి జవాబుకీ నవ్వు మొహం పెట్టింది గానీ, ఒక్కొక్కటీ ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. అవే ప్రశ్నలు. ఎంత వేరే జవాబులు!

అప్పుడు చివరి వరసలో ఒక చెయ్యి లేచింది. మూగనోము.

క్లాసంతా వెనక్కి తిరిగింది. మూడో తరగతి టీచరు సంతోషం పట్టలేక “అడుగమ్మా అడుగు!” అంది. లైబ్రరీ టీచరు దగ్గరికెళ్ళి, వంగి, మైకు దాని నోటి దగ్గర పెట్టింది. ఆ పిల్ల తెరకేసి చూడలేదు. మైకు పట్టుకున్న మనిషికేసే చూసింది.

“ఆవిడకి ఇంటినిండా మనుషులున్నారు కదా టీచర్. మీకెందుకు లేరు?”

“తప్పు!” అని మూడో తరగతి టీచరు కసిరింది. “అలా అడక్కూడదు.”

“జవాబు నాకు తెలీదు” అంది పిల్ల. నిజమే, నియమం ప్రకారం అంతకంటే మంచి ప్రశ్న ఆ రోజు ఎవరూ అడగలేదు.

లైబ్రరీ టీచరు వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఇప్పుడు కప్పుకోవడానికి శాలువా లేదు. తెలీదమ్మా అనొచ్చు. పెద్దయ్యాక చెప్తాలే అనొచ్చు. కానీ ఇదే ప్రశ్న తనని తను ఎన్నడూ అడక్కుండా ఎన్ని ఆదివారాలు దాటేసింది! ఎదురుగా ఆ పిల్ల మొహంలో జాలి లేదు. తెలుసుకోవాలని ఉంది, అంతే.

“పిలిస్తే రారేమోనని ఎవర్నీ పిలవలేదమ్మా” అంది మెల్లగా. “అమ్మ పోయినప్పుడు నాలుగు రోజులు వచ్చారు. మళ్ళీ రండి అనడానికి మొహమాటపడ్డాను. తర్వాత వాళ్ళూ మొహమాటపడ్డారు. అలా ఉండిపోయింది.”

మైకు ఇద్దరి మధ్యా ఉందన్న సంగతి ఆమెకి తట్టలేదు. ఆ మాటలు స్పీకర్లలోంచి గది అంతా వినపడ్డాయి, తెర అవతలికీ వెళ్ళాయి. రచయిత్రి నవ్వు ఆపి, కుర్చీ ముందుకు జరుపుకుంది. వెనకాల ఎవరో ఏదో అడగబోతే చెయ్యెత్తి ఆపింది. పెద్దమేడం ఒళ్ళో చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తోంది.

మూగనోము “ఓహో” అని కూర్చుంది.

లైబ్రరీ టీచరు నిటారుగా లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, వరసలకేసి తిరిగింది. మళ్ళీ చేతులు లేచి ఉన్నాయి, ముందటికంటే ఎక్కువగా. ఎవరి దగ్గరికి వెళ్ళాలా అని చూస్తే, ఒక్కరి కళ్ళూ తెరమీద లేవు.

“ఆవిడ్ని అడగండర్రా” అంది ఆమె. “టైం అయిపోతోంది. ఆవిడ వెళ్ళిపోతారు.”

ఎవరూ తల తిప్పలేదు.